ఆంక్షలతో దురాక్రమణ ఆగుతుందా?

జుమా నమాజు ముగిశాక మసీదు మెట్ల దగ్గర ఒక పెద్దాయన తరచుగా మమ్మల్ని ఆపి ఒకే ప్రశ్న అడుగుతుంటారు. ఆయన కొడుకు కువైట్‌లో వెల్డర్ పని చేస్తున్నాడు. గల్ఫ్‌లో ఉద్రిక్తత అన్న వార్త టీవీలో వచ్చిన ప్రతి వారమూ ఆయన ముఖం వాడిపోతుంది. "మౌల్వీసాబ్, ఆ దేశం మీద ఆంక్షలు పెట్టీసారంట. ఆంక్షలు పెడితే యుద్ధం ఆగిపోద్దా? మా గుంటణ్ని అక్కడే ఉండమంటామా, వచ్చీమంటామా?"

2025 జూన్‌లో ఇరాన్ క్షిపణులు ఖతార్‌లోని అమెరికా సైనిక స్థావరం మీదికి వచ్చిన రోజున ఆయన రాత్రంతా నిద్రపోలేదట. ఇరాన్ మీద అప్పటికి ఎన్ని దశాబ్దాలుగా ఆంక్షలున్నాయో పాఠకులకు తెలియనిది కాదు. అందుచేత ఆ పెద్దాయన ప్రశ్నను తేలికగా తీసివేయడానికి వీలు లేదు. మెట్ల మీద నిలబడి రెండు ముక్కల్లో చెప్పగలిగిన జవాబూ కాదు. ఈ శుక్రవారం దానిని కొంచెం నిదానంగా విచారించాలని అనుకున్నాము.

ఈ విచారణకు దూరదేశం పోనక్కరలేదు. మన శృంగవరపుకోట రైల్వేస్టేషనులో ఒక గంట కూర్చుంటే చాలు. బైలదిల్లా కొండల నుండి ఇనుప ఖనిజం నింపుకున్న గూడ్సుబండ్లు బొడ్డవర మీదుగా దిగివచ్చి కొత్తవలస వైపు, అక్కడి నుండి విశాఖ వైపు పోతూనే ఉంటాయి. సుమారు 446 కిలోమీటర్ల ఈ కొత్తవలస - కిరండూల్ మార్గాన్ని 1960వ దశకంలో వేసింది ముఖ్యంగా జపాన్ ఉక్కు మిల్లులకు ఖనిజం పంపడానికే. జపానుకు సొంత ఇనుప ఖనిజం చాలదు, సొంత చమురు అసలే చాలదు. ఆ కొరత కారణంగానే ఒకప్పుడు విశాఖ మీద బాంబులు పడ్డాయి.

1937 జూలైలో జపాన్ చైనా మీద పూర్తిస్థాయి యుద్ధానికి దిగింది. ఆ యుద్ధానికి కావలసిన తుక్కు ఇనుమూ, చమురూ ఎక్కువగా ఎక్కడి నుండి వచ్చాయి? అమెరికా నుండే. జపాన్ వాడే చమురులో దాదాపు 80 శాతం అమెరికా అమ్మినదే. చైనా నగరాలు తగలబడుతున్నాయని అమెరికా పత్రికలు రాస్తూనే ఉన్నాయి, అమెరికా రేవుల నుండి నౌకలు బయలుదేరుతూనే ఉన్నాయి. మూడేళ్లు ఈ వ్యాపారం సాగింది. 1940 సెప్టెంబరులో జపాన్ సేనలు ఇండోచైనా ఉత్తర భాగంలో ప్రవేశించాక తుక్కు ఇనుము ఆపుతున్నట్లు అమెరికా ప్రకటించింది. 1941 జూలైలో దక్షిణ భాగంలోకీ దిగాక జపాన్ ఆస్తులను స్తంభింపజేసింది, ఆగస్టు నాటికి చమురు ఆపివేసింది. బ్రిటన్, డచ్చి ప్రభుత్వం కూడా అదే దారి పట్టాయి.

జపాన్ దీనికి భయపడి చైనా నుండి తప్పుకుంటుందని ఆశించారు. అక్కడి సేనానులు మాత్రం వేరే లెక్క వేశారు. నిల్వ ఉన్న చమురు రెండేళ్లకు మించి రాదు, యుద్ధం చేస్తే ఇంకా ముందే అయిపోతుంది. రోజులు గడిచేకొద్దీ నౌకాదళం బలహీనపడుతుంది. కాబట్టి తలవంచితే ఇప్పుడే వంచాలి, కొట్టితే ఇప్పుడే కొట్టాలి. వారు రెండవది ఎన్నుకున్నారు. 1941 డిసెంబరులో పెర్ల్ హార్బరు, దానితోపాటే మలయా, ఆ తర్వాత డచ్చివారి చమురు బావులు. ఇంధనం ఎవరైతే ఇవ్వమన్నారో వారి దగ్గరే లాక్కున్నారు.

ఆ లెక్కకు మూల్యం చెల్లించిన వారిలో మన ఉత్తరాంధ్ర జిల్లాలవారు ఉన్నారన్న సంగతి చరిత్ర పుస్తకాలలో ఒక మూల ఉండిపోయింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుండి తరతరాలుగా జనం రంగూను రేవులో కూలికి, రైసుమిల్లులలో పనికి పోయేవారు. కోరంగి రేవు పేరు మీద అక్కడివారు మనవాళ్లను 'కోరంగీలు' అనేవారు. 1941 డిసెంబరు 23న రంగూను మీద బాంబులు పడ్డాయి. 1942 మార్చిలో నగరం జపాన్ చేతికి పోయింది. లక్షల మంది భారతీయులు ఓడ దొరికినవారు ఓడలో, దొరకనివారు అడవులూ కొండలూ దాటి కాలినడకన బయలుదేరారు. దారిలో కలరాతో, మలేరియాతో, ఆకలితో చనిపోయినవారు వేలల్లో ఉన్నారు. వారికి అమెరికా ఆంక్షల సంగతి తెలియదు, జపాన్ నౌకాదళం చమురు లెక్కా తెలియదు.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. పట్నం చాలావరకు ఖాళీ అయింది. జనం బండ్లు కట్టుకుని లోపలి ఊళ్లకు తరలిపోయారు. మా చిన్నతనంలో ఈ కథ చెప్పే ముసలివాళ్లు ఇంకా ఉండేవారు. ఇత్తడి బిందెలు నూతిలో దింపి తాళం వేసుకు వచ్చినవారి గురించి, తిరిగి వెళ్లేసరికి నుయ్యే కనబడనివారి గురించి నవ్వుతూ చెప్పేవారు. ఆ నవ్వు ఎందుకో అప్పట్లో మాకు అర్థమయ్యేది కాదు.

అయితే ఆంక్షలు పెట్టడమే తప్పా? మా అభిప్రాయం అది కాదు. చైనాలో ఊళ్లు కాల్చేవాడికి ఇనుము అమ్మడం పాపమే. తప్పు మూడేళ్లు అమ్మడంలో ఉంది, ఆ తర్వాత ఒక్కసారిగా ఊపిరి బిగించడంలో ఉంది. ఆపవలసిన కాలంలో లాభం చూసుకుని, ఆపినా ఫలితం లేని కాలంలో నీతి గుర్తు తెచ్చుకున్నారు.

మదరసాలో హిదాయా చదివినవారికి 'కితాబుస్సియర్' అధ్యాయంలోని ఒక మస్అలా గుర్తుండే ఉంటుంది. మనతో యుద్ధంలో ఉన్నవారికి ఆయుధాలు అమ్మరాదు, యుద్ధపు గుర్రాలు అమ్మరాదు, ఇనుము కూడా అమ్మరాదు అంటారు ఇమామ్ మర్గీనానీ. ఇనుము ఎందుకు? అది ఆయుధానికి మూలం కనుక. ఎనిమిది వందల ఏళ్ల క్రితం రాసిన ఈ ఫిఖ్ గ్రంథం తుక్కు ఇనుము సంగతి 1940 నాటి వాషింగ్టన్ కంటే ముందే గ్రహించింది. ఆ వెంటనే ఆయన తిండి గింజల మాట ఎత్తుతారు. తర్కం ప్రకారం చూస్తే గింజలు కూడా శత్రువుకు బలమే, వాటినీ ఆపాలి. కాని నస్స్ ఉంది కనుక తర్కాన్ని పక్కన పెట్టాలి, ఆహారం అమ్మవచ్చు అంటారు. ఆ నస్స్ హజ్రత్ సుమామా (ర) సంఘటన.

సుమామా బిన్ ఉసాల్ యమామా ప్రాంతపు నాయకుడు. బందీగా మదీనాకు వచ్చి, మస్జిదె నబవీ స్తంభానికి కట్టబడి ఉండి, దైవప్రవక్త (స) ఆయనను ఏ పరిహారమూ పుచ్చుకోకుండా విడిచిపెట్టగా ఇస్లాం స్వీకరించారు. ఉమ్రాకు మక్కా వెళితే ఖురైషులు ఎగతాళి చేశారు. మక్కాకు గోధుమలు వచ్చేది యమామా నుండే. ఇక దైవప్రవక్త (స) అనుమతి లేనిదే ఒక్క గింజ కూడా మీకు రాదని ఆయన ప్రమాణం చేసి, అన్నంత పనీ చేశారు. మక్కాలో కరువు వచ్చింది. ఆ ఖురైషులు ఎవరో జ్ఞాపకం చేసుకోండి. హాషిం వంశంతో కొనడం, అమ్మడం, పెళ్లి సంబంధాలు అన్నీ నిషేధిస్తూ పత్రం రాసి కాబాలో వేలాడదీసినవారు. షిఅబె అబీతాలిబ్‌లో మూడేళ్లు పసిపిల్లల ఏడ్పులు విన్నవారు. మదీనా మీదికి సేనలు నడిపినవారు. వారే ఇప్పుడు బంధుత్వం గుర్తు చేస్తూ ఉత్తరం రాశారు. దైవప్రవక్త (స) సుమామాకు కబురు పంపి గింజలు వదలమన్నారు.

దీనిని మనం సాధారణంగా కరుణకు ఉదాహరణగా చెప్పుకుంటాము. నిజమే. దీనిలో రాజనీతి కూడా ఉందని మా ఉద్దేశం. ఆకలి ఎవరిని కొడుతుంది? అబూ సుఫ్యాన్ ఇంట్లో గింజలు అయిపోయేలోగా బీదల ఇళ్లలో అయిపోతాయి. మూడేళ్ల షిఅబ్ దిగ్బంధం కూడా హాషిం వంశాన్ని లొంగదీయలేదు. హకీం బిన్ హిజాం వంటివారు మేనత్త హజ్రత్ ఖదీజా (ర)కు రహస్యంగా గోధుమలు చేరవేశారు. చివరికి హిషాం బిన్ అమ్ర్, ముత్ఇమ్ బిన్ అదీ మొదలైన ఐదుగురు ఖురైషులే సిగ్గుపడి ఆ పత్రాన్ని రద్దు చేయించారు.

ఇరాక్ విషయానికి వస్తే ఈ భేదమే చెరిగిపోయింది. 1990 ఆగస్టు 2న సద్దాం హుసేన్ సేనలు కువైట్‌ను ఆక్రమించాయి. అది దురాక్రమణే. ముస్లిం పాలకుడు ముస్లిం దేశం మీద చేసినంత మాత్రాన పేరు మారదు. నాలుగు రోజులలోనే, ఆగస్టు 6న, భద్రతామండలి 661వ తీర్మానంతో ఇరాక్ వ్యాపారం మొత్తాన్ని నిలిపివేసింది. ప్రపంచంలో అంతవరకు ఏ దేశం మీదా అంత సంపూర్ణమైన ఆంక్షలు పెట్టలేదు. దాదాపు ఐదున్నర నెలలు గడిచినా సద్దాం కదలలేదు. 1991 జనవరి 17న మొదలైన యుద్ధమే ఆయనను కువైట్ నుండి పంపింది.

అప్పుడు కువైట్‌లో దాదాపు లక్షా డెబ్బై వేల మంది భారతీయులున్నారు. కడప, గోదావరి జిల్లాల తెలుగువారు వారిలో ఎంతోమంది. ఒక్క రాత్రిలో దినారుకు విలువ పోయింది, బ్యాంకులో దాచుకున్నది పోయింది. విదేశాంగ మంత్రి గుజ్రాల్ బాగ్దాద్ వెళ్లి సద్దాంను ఆలింగనం చేసుకున్న ఫోటో చూసి అప్పట్లో చాలామంది ముఖం చిట్లించారు. ఆ ఆలింగనం వల్లనే మనవాళ్లకు దారి దొరికిందని మేము ఇప్పటికీ అనుకుంటాము. బస్సులలో అమ్మాన్ చేరుకున్నవారిని ఎయిర్ ఇండియా 488 విమానాలలో, లక్షా పదివేల మందికి పైగా, స్వదేశానికి చేర్చింది. ఇక కువైట్‌లో మిగిలిన భారతీయులకు మన దేశం ఓడలో తిండి పంపాలన్నా ఐక్యరాజ్యసమితి ఆంక్షల కమిటీ అనుమతి అడగవలసి వచ్చింది. దురాక్రమణకు గురైన ఊళ్లో చిక్కుకున్న మన కూలీల కంచానికీ ఆంక్ష వర్తించింది!

కువైట్ విముక్తి అయ్యాక కూడా ఆంక్షలు పోలేదు. 2003 మే వరకు, అంటే దాదాపు 13 ఏళ్లు కొనసాగాయి. బాంబులకు దెబ్బతిన్న నీటి శుద్ధి కేంద్రాలకు విడిభాగాలు రావాలంటే కమిటీ సంతకం కావాలి. 1996 చివర 'చమురుకు ఆహారం' పథకం మొదలైంది. దానిని నడిపిన డెనిస్ హాలిడే 1998లో, ఆయన తర్వాత వచ్చిన హాన్స్ ఫాన్ స్పోనెక్ 2000లో, ఈ విధానాన్ని మేము మోయలేమంటూ రాజీనామా చేసి వెళ్లిపోయారు. ఐదు లక్షల మంది పిల్లలు చనిపోయారన్న సంఖ్య అప్పట్లో ప్రపంచమంతా మారుమోగింది. మేము కూడా జుమా బయాన్లలో దానిని చెప్పినవారమే. అది 1999లో సద్దాం ప్రభుత్వ సహకారంతో జరిగిన సర్వే మీద ఆధారపడింది. 2003 తర్వాత జరిగిన సర్వేలలో అంతటి పెరుగుదల కనబడలేదని, ఆ లెక్కలు తారుమారు చేశారని పరిశోధకులు రాశారు. నిజం తెలిశాక పాత మాటను పట్టుకుని ఉండడం అమానతు కాదు. అయితే సంఖ్య తగ్గినంత మాత్రాన ఇరాక్ ప్రజల బాధ అబద్ధం కాబోదు. మధ్యతరగతి వారు పుస్తకాలూ తలుపులూ అమ్ముకుని తిన్నారు.

సద్దాంకు మాత్రం ఏం జరిగింది? ఆయన బలపడ్డారు. రేషన్ కార్డు ఎంతటి శక్తో మన ఇళ్లలో వేరే చెప్పనక్కరలేదు. దేశంలో బజారు ఎండిపోయి పిండి, బియ్యం, నూనె అన్నీ సర్కారు డిపోలోనే దొరికే స్థితి వస్తే, ఆ కార్డు రాసేవాడికి ఎదురు చెప్పేదెవరు? 1998 మేలో మన దేశం పోఖరాన్‌లో అణుపరీక్షలు చేసినప్పుడు అమెరికా మన మీద ఆంక్షలు పెట్టింది. అవి దురాక్రమణకు పెట్టినవి కావు, కాని మనుషుల స్వభావం ఒకటే. అమెరికా కోపగించిందని మనలో ఎవరైనా ప్రభుత్వాన్ని దించడానికి వీధికెక్కారా? పంతం పెరిగింది, అంతే.

ఇక ఆంక్షలతో దురాక్రమణ ఆగిన సందర్భమే లేదా అంటే, ఉంది. దాని గురించి పడమటి పత్రికలు తక్కువ రాస్తాయి. 1956లో ఈజిప్టు నాయకుడు నాసిర్ సూయజ్ కాలువను జాతీయం చేస్తే బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయిల్ కలిసి దాడి చేశాయి. అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సైన్యం పంపలేదు. పౌండు విలువ పడిపోతుంటే ఆదుకోనన్నారు, అంతర్జాతీయ ద్రవ్యనిధి నుండి బ్రిటన్‌కు అప్పు పుట్టనివ్వలేదు, చమురు సాయం ఆపారు. సేనలు దిగిన మర్నాటికే బ్రిటన్ కాల్పుల విరమణకు ఒప్పుకుంది, డిసెంబరు దాటకుండా వెళ్లిపోయింది. సీనాయి, గాజాల నుండి కదలని ఇజ్రాయిల్‌ను 1957 ఫిబ్రవరిలో ఆయన బహిరంగంగానే ఒత్తిడి చేశారు, ఆంక్షల మాట వచ్చింది. మార్చిలో అది కూడా వెనక్కి తగ్గింది. ఒక్క పిల్లవాడు కూడా ఆకలితో చావలేదు.

1935 అక్టోబరులో ముస్సోలినీ అబిసీనియా మీద పడ్డాడు. తొలి ముహాజిర్లకు నజాషీ రాజు ఆశ్రయమిచ్చిన నేల అది. నానాజాతి సమితి ఇటలీ మీద ఆంక్షలు పెట్టింది, చమురును మాత్రం జాబితాలో చేర్చలేదు. ఇటలీ సైనికుల ఓడలు సూయజ్ కాలువ గుండానే, రుసుము కట్టి మరీ, వెళ్లాయి. 1936 మేలో అడిస్ అబాబా పడిపోయింది, జూలైలో ఆంక్షలు ఎత్తేశారు. అదే కాలువ, ఇరవై ఏళ్ల తేడా. 1935లో కాలువ చేతిలో ఉన్నవారికి ఆపాలనే మనసు లేదు.

ఈ సంఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే మాకు తోచినది ఇది. శత్రువు పెట్టిన ఆంక్షకు దురాక్రమణదారుడు భయపడడు, ఎదురు చూసినదే అంటాడు. తన అప్పూ తన ఆయుధమూ ఎవరి చేతిలో ఉందో ఆ మిత్రుడు చేయి వెనక్కి తీసుకుంటే మాత్రం ఒక రోజు కూడా నిలబడలేడు. కాని మిత్రుడు ఆ పని చేయడానికి ఇష్టపడడు. 2023 అక్టోబరు తర్వాత గాజాలో జరిగినది చూడండి. 2025 మార్చి నుండి రెండు నెలలకు పైగా అక్కడికి తిండి, మందులు పోనివ్వలేదు. హిదాయా శత్రువుకు కూడా ఆపవద్దన్నది గింజ. దానిని ఆపారు, ఆపమన్న బాంబులను ఇచ్చారు. 1957లో ఐసెన్‌హోవర్ చేయగలిగిన పని ఆ కుర్చీలో తర్వాత కూర్చున్నవారు చేయలేనిది కాదు.

రష్యా సంగతి కూడా చెప్పాలి. 2022 ఫిబ్రవరిలో యుక్రెయిన్ మీద దాడి చేసినందుకు పడమటి దేశాలు రష్యా ధనం సుమారు 300 బిలియన్ డాలర్లు స్తంభింపజేశాయి. 2025 చివరికి కూడా యుద్ధం ఆగలేదు. రష్యా చమురు చవకగా దొరికితే మన దేశం కొన్నది. అందుకు శిక్షగా 2025 ఆగస్టు 27 నుండి అమెరికా మన సరుకు మీద 25 శాతం అదనపు సుంకం వేసి మొత్తం 50 శాతం చేసింది. దాని దెబ్బ తగిలింది రొయ్యల చెరువులకు. మన రాష్ట్రం రొయ్యలకు అమెరికాయే పెద్ద బజారు. యుక్రెయిన్ ఎక్కడుందో తెలియని కౌలు రైతు, రొయ్య తలలు ఒలిచే ఆడకూలీ పుతిన్ పాపానికి జరిమానా కట్టారు.

మరి ఆ పెద్దాయనకు ఏమని చెప్పాలి? ఆంక్షలు పెట్టారు కనుక యుద్ధం రాదని మేము ఆయనకు చెప్పలేము. కొడుకును వచ్చేయమని కూడా చెప్పలేము. వస్తే కొత్తవలసలో ఆ జీతం ఎవరిస్తారు? 1990లో కువైట్ నుండి వచ్చినవారి విషయంలో జరిగిన ఒక సంగతి మాత్రం చెప్పాము. ఐక్యరాజ్యసమితి పరిహార సంఘం అక్కడి నుండి పారిపోయి వచ్చిన కార్మికులకు నష్టపరిహారం ఇచ్చింది. ఆ డబ్బు ఇరాక్ అమ్మిన చమురు నుండే తీశారు. ఆహారం కోసమని అమ్మిన చమురులో కూడా మొదట 30 శాతం ఇటు పోయింది. 2022లో చివరి వాయిదా కట్టేవరకు మొత్తం 52 బిలియన్ డాలర్లకు పైగా చెల్లించారు. ఒక బీదవాడి నష్టాన్ని ఇంకొక బీదవాడి గింజల నుండి పూడ్చడం న్యాయమా అన్నది వేరే చర్చ. కాని పరిహారానికి అర్జీ పెట్టుకోవాలంటే తాను కువైట్‌లో ఉన్నానని చూపించే కాగితం కావాలి.

పాస్‌పోర్టు, వీసా, కంపెనీ ఒప్పందం, సివిల్ ఐడీ, వీటి నకళ్లు ఇంట్లో ఒక కవరులో పెట్టించమని, జీతం అక్కడ దాచకుండా నెలనెలా ఇంటికి పంపించమని, మన రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోమని ఆయనకు చెప్పాము. "ఆంక్షల గురించడిగితే కాగితాల గురించి చెబుతారేటి మౌల్వీసాబ్" అన్నారు. తర్వాతి శుక్రవారం జేబులోంచి ఒక పాలిథిన్ కవరు తీసి చూపించారు. సివిల్ ఐడీ నకలు ఇంకా రాలేదట.